అరవని అడుగు

చౌల్దారీలో ఒక పడవాయన ఉండేవాడు. శ్రీకాకుళం తీరంలో పుట్టి, పడుచుతనంలో విశాఖపట్నంలో ఓడెక్కి అండమాన్ వచ్చినవాడు. ఇల్లు ఊళ్ళో, వక్కతోట పక్కన. పడవ ఊరికి కొంత దూరాన, మడ అడవిలోకి చొచ్చుకొచ్చిన ఉప్పునీటి పాయలో.

ఆ పడవంటే ఆయనకు పంచప్రాణాలు. అమావాస్యకీ పున్నమికీ పాటు బాగా లాగి నీరు దిగిపోగానే, పడవను బురద మీద ఒరగేసి అడుగు చెక్కలన్నీ వేళ్ళతో తడిమేవాడు. ఆ నీళ్ళలో చెక్కను తొలిచే పురుగుంటుంది. పైకి సూదిమొనంత బెజ్జం, లోపల వేలు దూరేంత సొరంగం. బెజ్జం చేతికి తగిలితే చాలు, అక్కడ గీకి, సెగ చూపి, తారు పట్టించేవాడు. ఆయనతోపాటు పడవ కట్టినవాళ్ళు రెండేసి పడవలు మార్చారు. ఆయనది మాత్రం మొదటిదే.

ఒక ఏడు వానలు పట్టినపట్టు వదల్లేదు. ఆ వీధిలో ఎవరిని చూసినా కాళ్ళ బాధే. వరిమళ్ళలోకి దిగే పక్కింటి కోడలికి వేళ్ళ సందులు నాని, తోలు తెల్లగా ఉబ్బి, రాత్రంతా దురద, మంట. వక్కచెట్లెక్కే కుర్రాడు తడిగట్టు మీద జారాడు. చీలమండ మెలిపడి బూరెలా పొంగింది. కిరాణా కొట్టాయన పొద్దస్తమానం సిమెంటు గచ్చు మీద వట్టికాళ్ళతో నిలబడేవాడు. పొద్దున్నే మంచం దిగి తొలి అడుగు వేస్తే మడమలో మేకు దిగినట్టుండేది. ముగ్గురూ మూలుగుతూనే ఉండేవారు.

పడవాయన వాళ్ళను చూసి నవ్వేవాడు. "అవి కాళ్ళా, అరిటిబోదెలా? నా కాళ్ళు సూడండి. రెండేళ్ళయింది, ఒక్కపాలైనా సురుక్కుమన్నేదు."

నిజమే, అనలేదు.

ఆయనకో మనవరాలు. ఏడేళ్ళ పిల్ల. పడవను ఒరగేసిన రోజున వెంట వెళ్ళి, బురదలో కూర్చుని, తాత వేళ్ళ వెంబడి తన వేళ్ళు నడిపేది. ఒకసారి అడిగింది.

"తాతా, పడవ అడుగు ఇన్నిసార్లు సూత్తావు గదా, నీ అరికాలు ఎప్పుడు సూసుకుంటావు?"

"పడవకి నోరు లేదే అమ్మా. కన్నం పడితే అరవదు. అందుకని మనమే సూడాల. కాలికేటి? ముల్లు గుచ్చుకుంటే నొప్పే వచ్చి సెప్తాది."

పిల్ల ఊరుకుంది.

కొన్నాళ్ళకు ఒక సాయంత్రం అరుగు మీద తడి అడుగులు కనిపించాయి. ఒక అడుగు వట్టి నీరు, రెండో అడుగులో ఎర్రచుక్క. మళ్ళీ నీరు, మళ్ళీ ఎర్రచుక్క. పిల్ల వాటి వెంబడే లోపలికి వెళ్ళింది. అడుగులు పీట దగ్గర ఆగాయి. పీట మీద కూర్చుని తాత అన్నం తింటున్నాడు.

పాదం పట్టుకుని ఎత్తి చూసింది. చిటికెనవేలి మొదట్లో ఆల్చిప్ప పెంకు దిగి ఉంది. చుట్టూ తోలు నల్లబడింది, వాసన వస్తోంది. అది ఆనాటి గాయం కాదు.

"తాతా, ఇది నొప్పెట్టలేదా?"

"ఏది?"

పిల్ల పెంకు పక్కన వేలుపెట్టి నొక్కింది. "ఇదిగో, ఇప్పుడో?"

ఆయన ముద్ద చేతిలోనే పట్టుకుని మనవరాలి ముఖం చూశాడు. "నువ్వు నా కాలు పట్టుకున్నావా?"

ఆరోగ్య కేంద్రంలో రక్తం పరీక్ష చేస్తే షుగర్ చాలా ఎక్కువగా ఉంది. ఎన్నేళ్ళ నుంచి ఉందో ఎవరికి తెలుసు! పట్నం ఆస్పత్రిలో చిటికెనవేలు తీసేశారు. పాదం దక్కింది. ఇంటికొచ్చేసరికి పక్కింటి కోడలి వేళ్ళు మానాయి, కుర్రాడు మళ్ళీ చెట్లెక్కుతున్నాడు, కొట్టాయన మెత్తటి చెప్పులేసుకుని గచ్చు మీద తిరుగుతున్నాడు. ముగ్గురూ చూడటానికి వచ్చారు. ఎవరూ నవ్వలేదు.

"పడవకి నోరు లేదని ఇన్నేళ్ళూ సూసుకున్నాను," అన్నాడాయన. "కాలికి నోరు పడిపోయిన సంగతి నాకు తెల్దు."

నీతి

నొప్పి పెట్టే కాలు తన సంగతి తానే చెప్పుకుంటుంది. నొప్పి తెలియని కాలిని మనమే అడగాలి, కళ్ళతో, వేళ్ళతో, రోజూ.

మన భాషలో అడుగు అన్న మాట ఎంత ఇముడ్చుకుందో చూడండి. కింది భాగం అడుగు, నడకలో వేసేది అడుగు, ప్రశ్నించమని చెప్పేదీ అడుగే. అడుగు దిగిపోతే పైనుంచి తెలియదన్నది దక్షిణ అండమాన్ వాళ్ళకు ఒకరు చెప్పవలసింది కాదు. 2004 డిసెంబరు 26 భూకంపంలో అక్కడి నేల దాదాపు మీటరు కిందికి దిగింది. దిగినట్టు కంటికి ఆనలేదు. సిప్పీఘాట్ వరిమళ్ళలోకి పోటు నీరు వచ్చి, తిరిగి పోకుండా నిలిచిపోయాక తెలిసింది.

పడవాయన పక్కన మూలిగిన ముగ్గురూ అదృష్టవంతులని నేను నమ్ముతాను. ఈ సంగతిని వైద్యలోకానికి గట్టిగా చెప్పినవాడు పాల్ బ్రాండ్. 1914లో తమిళనాట కొల్లి కొండల్లో పుట్టి, 1946లో వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలలో చేరిన శస్త్రవైద్యుడు. కుష్ఠు రోగుల వేళ్ళు వాటంతటవే రాలిపోతాయని లోకం అనుకునే రోజుల్లో, అది నిజం కాదని ఆయన చూపించాడు. నరాలు స్పర్శ కోల్పోతాయి. గాయం తెలియదు. తెలియని గాయం మీదే మనిషి నడుస్తాడు. కాలిని తినేది ఆ నడకే. షుగర్ ముదిరిన పాదంలో జరిగేదీ ఇదే. అలాంటి కాళ్ళ కోసం తయారైన మెత్తటి మైక్రోసెల్యులర్ రబ్బరు చెప్పులే ఇవాళ షుగర్ వాళ్ళకు డాక్టర్లు రాసే ఎంసీఆర్ చెప్పులు.

నొప్పి ఉన్నవాళ్ళు ఏం చెయ్యాలి? ముందు కుర్రాడి చీలమండ. మనవాళ్ళు బెణుకు అనగానే నూనె గిన్నె తెస్తారు, పట్టి మెలితిప్పుతారు. పుత్తూరు కట్టు పేరు వినని తెలుగువాళ్ళు అరుదు. ఎముకను కదలకుండా కట్టాలన్న తెలివి అందులో ఉంది. కానీ ఎముక విరిగిందో లేదో తేలకుండా తిప్పి రుద్దడం కట్టు కాదు, కొత్త గాయం చెయ్యడం. పడ్డ తర్వాత నాలుగడుగులు కూడా వెయ్యలేకపోయినా, చీలమండకు అటూ ఇటూ పొడుచుకొచ్చిన ఎముకల వెనక అంచు నొక్కితే ప్రాణం పోయినట్టున్నా ఎక్స్‌రే తీయించాలి. అంత లేకపోతే రెండు రోజులు కాలికి విశ్రాంతి. గుడ్డలో చుట్టిన మంచుముక్కలు పదిహేను ఇరవై నిమిషాలు, రోజుకు నాలుగైదుసార్లు. వేళ్ళ దగ్గర మొదలుపెట్టి పైకి చుట్టిన క్రేప్ కట్టు, వేళ్ళు చల్లబడేంత బిగువు లేకుండా. పడుకున్నప్పుడు కాలు గుండెకన్నా ఎత్తులో. నొప్పి తగ్గుముఖం పట్టాక కాలిని ఊరికే ఉంచకూడదు. బొటనవేలితో గాలిలో అ, ఆ, ఇ, ఈ దిద్దమని నేను చెబుతాను. మన గుండ్రటి అక్షరాలకు చీలమండ అన్ని వైపులా తిరిగి తీరుతుంది. తర్వాత గోడ పక్కన ఒంటికాలి మీద నిలబడటం సాధన చెయ్యాలి. ఒకసారి బెణికిన కాలు మళ్ళీ మళ్ళీ అక్కడే బెణకడానికి ఒక కారణం, ఈ ఆఖరి పని ఎవరూ చెయ్యకపోవడం.

కోడలి వేళ్ళ సందుల దగ్గర మన ఇళ్ళలో ఒక పెద్ద లోటుంది. కాళ్ళు కడుక్కోవడం మనకు చిన్నప్పుడే నేర్పుతారు. మడమ తడవకపోతే శని పడుతుందంటారు. కాళ్ళు సరిగా కడుక్కోని సందు చూసుకునే కలి నలుడిలో దూరాడని కథ. మరి తుడుచుకోమని చెప్పిన పెద్దవాళ్ళు ఎందరు? ఏటా దాదాపు మూడు వేల మిల్లీమీటర్ల వాన పడే దీవుల్లో శని తడవని మడమలో లేదు, ఆరని వేళ్ళ సందుల్లో ఉంది. పొడిగుడ్డతో ప్రతి సందూ ఒత్తి తుడవాలి. దురద మొదలైతే క్లోట్రిమజోల్ పూత రాయాలి, తగ్గినట్టు కనిపించాక కూడా మరో రెండు వారాలు. అన్నిటికీ ఒకటేనని అమ్మే స్టెరాయిడ్ కలిసిన ట్యూబులు దురదను అణిచి, ఫంగస్‌ను పెంచుతాయి. దయచేసి కొనకండి.

అక్కడ ఆ నానిన తోలు, మడమ పగుళ్ళు ఒట్టి బాధతో పోవు. ఎలుకల, పశువుల మూత్రం కలిసిన నీటిలో నుంచి లెప్టోస్పైరా క్రిమి ఒంట్లోకి వచ్చే దారులివే. అండమాన్‌లో ఈ జబ్బును 1929లోనే గుర్తించారు. 1988 నుంచి వానల వెనకే వచ్చి, ఊపిరితిత్తుల్లో రక్తం కారేలా చేసి మనుషులను మింగిన అండమాన్ రక్తస్రావ జ్వరం ఇదేనని 1993లో తేలింది. పోర్ట్‌బ్లెయిర్‌లో 1983లో మొదలైన భారత వైద్య పరిశోధన మండలి కేంద్రం దీనిమీద ఏళ్ళ తరబడి పనిచేసింది. కనుక పగుళ్ళ మడమతో పొలం నీటిలో దిగేవాళ్ళు బూట్లు వేసుకోవాలి. రాత్రి కాళ్ళు కడిగి ఆరనిచ్చి పగుళ్ళకు వాజలైన్ గానీ కొబ్బరినూనె గానీ పట్టించి మేజోళ్ళు తొడగాలి. వేళ్ళ సందులకు మాత్రం నూనె వద్దు. నీటిలో పనిచేసిన రోజుల్లో జ్వరం వచ్చి పిక్కలు పీకితే, పొలంలో దిగానని డాక్టరుకు చెప్పడం మరవకూడదు.

కొట్టాయన మడమ నొప్పి చెడ్డది కాదు, మొండిది. అరికాలి కింద మడమ నుంచి వేళ్ళదాకా సాగే గట్టి పట్టీ ఉంటుంది. రాత్రంతా ముడుచుకున్న ఆ పట్టీని ఒక్కసారిగా లాగడం వల్లే ఆ తొలి అడుగు నొప్పి. మంచం దిగకముందే వేళ్ళను చేత్తో వెనక్కి లాగి పట్టి ముప్పై లెక్కపెట్టడం, గోడకు చేతులానించి పిక్కలు సాగదీయడం, ఇంట్లోనూ మెత్తటి చెప్పులు. నెలలు పట్టవచ్చు, తగ్గుతుంది. ఆనెకాయలను బ్లేడుతో కోసుకోవద్దు, ఆనె పుట్టించిన చెప్పును మార్చండి. గోళ్ళను మూలలు తవ్వకుండా నిటారుగా కత్తిరించండి.

షుగర్ ఉంటే ఇందులో సగం సొంత వైద్యాలు పనికిరావు. వేడినీళ్ళలో కాళ్ళు పెట్టడం, ఆనెకాయకు మందు పట్టీ అంటించడం, వట్టికాళ్ళతో గుడి చుట్టూ తిరగడం, మూడూ నొప్పి తెలియని పుండు పుట్టించేవే. స్నానం నీళ్ళ వేడిని మోచేత్తో చూడండి. చెప్పు తొడిగేముందు దులపండి. అరికాలు కనబడకపోతే నేల మీద అద్దం పెట్టి చూడండి. చిన్న పుండైనా ఆ రోజే చూపించండి.

ఇంకొకటి ఉంది, దానికి పైసా ఖర్చు లేదు. పెద్దవాళ్ళను పడుకోబెట్టి కళ్ళు మూసుకోమనండి. కుడి పాదం బొటనవేలి కొసను, మధ్యవేలి కొసను, చిటికెనవేలి కొసను మీ చూపుడువేలితో ఒక్కొక్క క్షణం ఈక తగిలినంత తేలిగ్గా తాకండి, నొక్కవద్దు. ఎడమ పాదానికీ అంతే. తాకినట్టు తెలిసినప్పుడల్లా కుడో ఎడమో చెప్పమనండి. మొత్తం ఆరు తాకులు. రెండుగానీ అంతకు మించిగానీ తెలియకపోతే, మరునాడు పొద్దున్నే ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్ళండి. ఏడేళ్ళ పిల్ల కూడా చెయ్యగల పరీక్ష ఇది.