పందెం లేని ఆట

ఆట సంసారాన్ని ఎంతవరకు లాగుకుపోగలదో పల్నాటివాళ్లకు ఎవరూ కొత్తగా చెప్పనక్కర్లేదు. 12వ శతాబ్దపు పల్నాటి కథ మలుపు తిరిగిందే ఒక ఆట దగ్గర. నాయకురాలు నాగమ్మ పుంజుకూ బ్రహ్మనాయుడి పుంజుకూ పోరు పెట్టారు. ఓడినవాళ్లు ఏడేళ్లు రాజ్యం వదిలిపోవాలన్నది పందెం. బ్రహ్మనాయుడు అండగా నిలిచిన మలిదేవుడి పక్షం ఓడి మాచర్ల విడిచింది. మలిదేవుడికీ అతని అన్నకూ మధ్య తగవు చివరికి కారంపూడి రణరంగానికి చేరింది. అక్కడ ఏటా కార్తికంలో జరిగే వీరుల ఉత్సవాల్లో ఒక రోజు పేరు నేటికీ కోడిపోరే.

అదే కథలో ఇంకో ఆట ఉంది, బొంగరం. పెద్దలు యుద్ధానికి తరలితే బ్రహ్మనాయుడి కొడుకు బాలచంద్రుడు తోటి పిల్లలతో బొంగరాలాడుతున్నాడు. విసిరిన బొంగరం దారినపోయే ఒకామె కాలికి తగిలింది. ఆమె అన్న మాటతోనే అతనికి యుద్ధం సంగతి తెలిసింది.

లోకం కోడిపోరునే ఎక్కువగా తలుచుకుంటుంది. పిల్లలున్న ఇంటికి మాత్రం బొంగరం కథే దగ్గరిది. కొడుకు యుద్ధానికి పోతాడేమోనన్న భయంతో ఉన్న తల్లి ఐతమ్మ గుండె, వాడు ఆటలో పడి ఉన్నంతసేపు నిబ్బరంగా ఉంది. ఈనాటి పిడుగురాళ్లలో తల్లిదండ్రులు పిల్లవాడి చేతికి ఫోనివ్వడం వెనక ఉన్నదీ అలాంటి భయమే. బయట సున్నపురాయి లారీలు, బట్టీల పొగ. వేసవి వస్తే అదే పల్నాటి రెంటచింతల ఎండలు రాష్ట్రమంతా వార్త. వాడు ఇంటిపట్టున, కళ్లెదుట ఉంటే చాలనుకుంటారు. దీన్ని అశ్రద్ధ అనడం అన్యాయం.

అయితే ఫోనులో బొంగరమూ ఉంది, కోడిపోరూ ఉంది. రెంటినీ విడదీసే పని చట్టం కొంత చేసింది. ఆంధ్రప్రదేశ్ 2020లోనే ఆన్‌లైన్ రమ్మీని నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ చట్టం తెచ్చింది. డబ్బు ఒడ్డి ఆడే ఆన్‌లైన్ ఆట నైపుణ్యంతో గెలిచేదైనా, అదృష్టంతో గెలిచేదైనా నడపకూడదు. నడిపినవాళ్లకు మూడేళ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా. పందెం లేని ఆటలకు, ఈ-స్పోర్ట్స్‌కు అడ్డులేదు. గీత సరైనచోటే గీశారు.

పందెం లేనంత మాత్రాన ఇంటికి బెంగ తీరదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 'గేమింగ్ డిజార్డర్'ను తన రోగాల పట్టికలో చేర్చింది. 2022 జనవరి నుంచి ఆ పట్టిక అమల్లో ఉంది. అందులో గంటల లెక్క లేదు. ఆట మీద అదుపు తప్పిందా, మిగతా పనులన్నిటికంటే అదే ముందుకొచ్చిందా, చెడు జరుగుతోందని తెలిసినా ఆగడం లేదా అన్నదే చూస్తారు. ఇవి పక్కన కూర్చుంటే తప్ప కనిపించేవి కావు.

అరుగు మీద పులిమేక ఆడే రోజుల్లో ఆ కష్టం లేదు. సుద్దతో గీసిన పటం, మూడు పులులు, పదిహేను మేకలు. ఆడేది ఇద్దరే అయినా చుట్టూ నలుగురు. "ఆ మేకను అక్కడ పెట్టకురా, పులి దూకేస్తది" అని తాత కేకేసేవాడు. ఫోను ఒక్కడి ముఖానికే తిరిగి ఉంటుంది. అలాగని అది అరుగు కాలేదనీ కాదు. 2020 లాక్‌డౌన్‌లో లూడో కింగ్ పుణ్యమా అని వేరువేరు ఊళ్లలో చిక్కుకున్న ఇంటివాళ్లు ఒకే పటం మీద పాచికలు వేసుకున్నారు.

పిల్లవాడి ఆట పెద్దలకు ఎందుకు తెలియాలంటే, అన్నం వేళ జరిగే గొడవనే చూడండి. బీజీఎంఐ అనే ఫోను ఆటలో వందమంది ఒకేసారి దిగుతారు. పెద్ద మ్యాప్‌లో మ్యాచ్ అరగంట దాకా సాగుతుంది. మధ్యలో ఆపడానికి మీట లేదు. లేచిపోతే జట్టులో మిగతా ముగ్గురూ ఇబ్బంది పడతారు. "మ్యాచ్ అయ్యాక వస్తా" అని పిల్లవాడు చెప్పేది ప్రతిసారీ సాకు కాదు. ఈ సంగతి తెలిసిన తండ్రి అన్నానికి అరగంట ముందే "ఇక కొత్త మ్యాచ్ ఎక్కకు" అని చెప్పగలడు.