పాత ఇంజను పలక

పాత కార్ల గొడవ మన సంఘ పత్రికకెందుకని సభ్యులలో కొందరికి అనిపించవచ్చు. కారు మాట అటుంచి, అందులో ఒక ధర్మసందేహం మమ్మల్ని ఏడాదిగా వేధిస్తున్నది. కార్ల మీద మోజు లేనివారికి కూడా అది ఆలోచించదగ్గదేనన్న ధైర్యంతో రాస్తున్నాము.

మేమూ, మా ఆసుపత్రిలోనే పనిచేసే మరో తెలుగు డాక్టరూ కలిసి 1957 నాటి మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సీరీస్ త్రీ కారునొకదాన్ని సెలవు రోజుల్లో బాగుచేసుకుంటున్నాము. చూసిన తెలుగువారెవరైనా "ఇది మన అంబాసిడర్ కదండీ!" అనకుండా ఉండరు. అందులో తప్పేమీ లేదు. ఇంగ్లండులో ఈ నమూనా 1959లో ఆగిపోయింది. దాని మీదనే హిందుస్తాన్ మోటార్స్ వారు కలకత్తా పక్కన ఉత్తరపారాలో అంబాసిడర్‌ను 2014 దాకా తయారుచేశారు. ఆక్స్‌ఫర్డ్‌లో ఉన్న 1489 సి.సి. బి-సీరీస్ ఇంజనే 1959 నుంచి అంబాసిడర్‌కూ వచ్చి, ఆ తరువాత మూడు దశాబ్దాలు కలెక్టరుగారినీ, పెళ్ళికొడుకునూ, టాక్సీలో పదిమందినీ మోసింది.

పాత కార్లవారికి ఒక వ్రతం ఉంటుంది. ఏ ఏటి కారుకు ఆ ఏటి భాగమే వేయాలి. డిస్ట్రిబ్యూటరు, కార్బురేటరు మొదలుకొని రబ్బరు గొట్టానికి బిగించే క్లిప్పు దాకా ఇదే నియమం. వీటి కోసం ఏటా సెప్టెంబరులో హాంప్‌షైర్‌లోని బ్యూలీలో జరిగే సంతకు పోతారు. దాన్ని ఆటోజంబుల్ అంటారు. 1967 నుంచి జరుగుతున్నది. మన పశువుల సంతకు దీనికి పెద్ద తేడా లేదు. పొద్దున్నే వెళ్ళాలి, నచ్చినట్టు ముఖంలో కనబడనీయకూడదు, బేరం కుదిరాక ఇద్దరూ నష్టపోయినట్టు నిట్టూర్చాలి.

ఈ వ్రతాన్ని అక్షరాలా పాటించడం వైద్యులమైన మాకు మొదటినుంచీ సాధ్యపడలేదు. ఆనాటి సిలిండర్ హెడ్ గాస్కెట్లు రాగిరేకు మధ్య ఆస్బెస్టాస్ పెట్టి చేసినవి. కాలం ప్రకారం అదే సరైన భాగం. కాని ఆ ధూళి పీల్చిన ముప్ఫై నలభై ఏళ్ళకు ఊపిరితిత్తి పొరకు వచ్చే కాన్సరును చూసినవారెవరూ దాన్ని చేత్తో పట్టుకోరు. బ్రిటన్‌లో ఆస్బెస్టాస్‌ను పూర్తిగా నిషేధించింది 1999లో. పెట్రోలు పంపు డయాఫ్రం కూడా అంతే. అట్టపెట్టె విప్పకుండా అరవై ఏళ్ళు దాచిన సరుకంటే సంతలో కళ్ళకద్దుకుంటారు; లోపలి రబ్బరు మాత్రం గడువు తీరిన మందు వంటిది. పైగా 2021 నుంచి ఇక్కడి మామూలు పెట్రోలులో పదో వంతు దాకా ఇథనాల్ కలుస్తున్నది, పాత రబ్బరును అది తినేస్తుంది. సీసం కలిపిన పెట్రోలు అమ్మకం 1999తో ఆగిపోయాక, దాని రక్షణ లేని వాల్వు సీట్లు అరిగిపోకుండా గట్టి ఉక్కు రింగులు బిగించుకోవలసి వచ్చింది. వెనక సీట్లో పిల్లలు కూర్చునే కారు కదా! ఈ మార్పులకు మేము రెండోసారి ఆలోచించలేదు.

అసలు చిక్కు బ్లాకు దగ్గర వచ్చింది. ఏనాటి చలికాలంలోనో లోపలి నీళ్ళు గడ్డకట్టి బ్లాకు పగిలి ఉన్నది. దానికి సరైన 1957 బ్లాకు ఎక్కడా దొరకలేదు. చివరికి బంధువులొకరు విజయవాడ ఆటోనగర్‌లో ఒక అంబాసిడర్ బ్లాకు సంపాదించి, ఓడ మీద వచ్చే ఇంటి సామానుతో పాటు పంపించారు. కొలతలు తీసి చూస్తే చక్కగా సరిపోయింది.

ఇంజను నెంబరును ఆ రోజుల్లో బ్లాకు మీద చెక్కకుండా చిన్న పలక మీద కొట్టి, ఆ పలకను బ్లాకుకు రివెట్లతో బిగించేవారు. మా ఇంజను విప్పిన మెకానిక్ తేలికగా అన్నాడు: "పాత పలక ఊడదీసి కొత్త బ్లాకుకు కొట్టేస్తే సరి. కాగితాలలో ఉన్న నెంబరే కనబడుతుంది, కారు విలువ నిలుస్తుంది."

పలక అసలుదే. అంకెలు అసలువే. కారూ ఆ పలకతో పుట్టినదే. మరి అబద్ధం ఎక్కడున్నట్టు?

మా మిత్రుడు నాగసేనుణ్ణి తెచ్చాడు. రథమంటే చక్రమా, ఇరుసా, కాడా అని మిలిందుణ్ణి అడిగి, ఇవన్నీ కూడినప్పుడు వాడుకకు పెట్టిన పేరే రథమని ఒప్పించినవాడు. ఆ లెక్కన బ్లాకు మారినా ఇది ఆక్స్‌ఫర్డే. అంతవరకు మాకూ సమ్మతమే. ఇక్కడి లైసెన్సు కార్యాలయం వారు కూడా, బాగా మార్చిన కార్ల గుర్తింపుకు చాలా ఏళ్ళు పాటించిన లెక్కలో, ఛాసీకి 5 పాయింట్లిచ్చి ఇంజనుకు 1 మాత్రమే ఇచ్చారు. గుండెకాయకు ఒక్కటే!

కాని నాగసేనుడు తేల్చింది పేరు సంగతి. పలక చెప్పేది చరిత్ర. గుండెలో కృత్రిమ వాల్వు వేయించుకున్నవారిని వేరే మనిషని ఎవరూ అనరు. అయినా వారి కేసు షీటులో ఆ సంగతి రాసి తీరతాము. రాయకపోతే, పన్ను పీకించుకునే రోజున వారు రక్తం పలచబడే మందు మీద ఉన్నారని పళ్ళ డాక్టరుకు తెలియదు. రేపు ఈ ఇంజను విప్పేవాడు కూడా పలక చూసే బేరింగులు తెప్పిస్తాడు. నిజమైన ముక్కలనే పేర్చి నిజం కాని మాట చెప్పించవచ్చు. మన వృత్తిలో కూడా అది ఎరగనిది కాదు. అమ్మే ఉద్దేశం లేదు కదా అంటే, పాత కారు మనకంటే ఎక్కువ కాలం బతుకుతుంది, ఎప్పటికో ఎవరి చేతికో పోతుంది.

మిత్రుడు ఒప్పుకోలేదు. ఎవరికీ నష్టం లేనప్పుడు నియమం వట్టి ఛాందసమన్నాడు. వాదం రెండు వారాలు నడిచింది. అప్పుడు మా ఆవిడ టీ పోస్తూ, "ఆ బ్లాకు బర్మింగ్‌హాంలో పోసినదైతే ఇలాగే దాచేవారా?" అని అడిగింది.

ఇద్దరమూ కాసేపు మాట్లాడలేదు. అదే కొలతలతో, అదే పని చేయడానికి పోసిన ఇనుము ఇది. ఉత్తరపారాలో పోసినందువల్లనే దానికి ఇంగ్లీషు పలక కప్పాలనిపించిందా? మిత్రుడు కాదన్నాడు, విలువ కోసమే అన్నాడు. విలువ తగ్గేది ఎందుకో చెప్పమంటే మాత్రం ఇప్పటికీ చెప్పలేదు.

బ్లాకు తన నెంబరుతోనే ఉన్నది. ఇంజను మారిన సంగతి లైసెన్సు కార్యాలయానికి రాసి, లాగ్ బుక్కులో కొత్త నెంబరు వేయించాము. పాత పలకను, గాస్కెట్టు, వాల్వు సీట్లు, డయాఫ్రం మార్చిన తేదీలు రాసిన నోటుబుక్కును కలిపి కారు సొరుగులో పెట్టాము. ప్రదర్శనకు తీసుకుపోతే న్యాయనిర్ణేతలు మార్కులు కోస్తారని మిత్రుడి బెంగ. కోయనీయండి.

ప్రస్తుతం ఎస్.యు. కార్బురేటరుకు ఆనాటి డాష్‌పాట్ మూత ఒకటి కావాలి. అటకల మీదగాని, పాత గరాజులలోగాని సభ్యులెవరికైనా కనబడితే దయచేసి కబురు చేయగలరు. ఏ దేశంలో చేసినదైనా ఫరవాలేదు, ఎక్కడిదో మాత్రం చెప్పండి.