ఐదు గంటల దూరం

శంషాబాద్ విమానాశ్రయం నుండి కువైట్‌కు ఆకాశమార్గాన 3,300 కిలోమీటర్లకు పైమాటే. ప్రయాణం దాదాపు 5 గంటలు. అక్కడి గడియారం మనకంటే రెండున్నర గంటలు వెనుక. కనుక ఇక్కడ ఉదయం పదింటికి బయలుదేరినవారు అక్కడి లెక్కలో పన్నెండున్నరకే దిగుతారు. మన డోన్ నుండి శంషాబాద్‌కు బస్సులో వెళ్ళడానికి పట్టే సమయానికీ దీనికీ పెద్ద తేడా ఉండదు.

ఈ లెక్క ఇప్పుడు మన ఇళ్ళలో తీర్పులకు ఆధారమవుతున్నది. తల్లి మరణించింది. కువైట్‌లో ఇంటిపనికి వెళ్ళిన కూతురు రాలేదు. సమాధుల తోట నుండి తిరిగి వస్తూనే మాటలు మొదలవుతాయి. "ఐదు గంటల ప్రయాణమేగదా, ఆ మాత్రం రాలేకపోయిందా?" నాల్గవ ఆజ్ఞను గుర్తుచేసే పెద్దలూ ఉంటారు.

దూరం తగ్గినకొద్దీ బాధ్యత పెరుగుతుందా? పెరుగుతుందనే చెప్పాలి. చేయగలిగినవానినే ధర్మం అడుగుతుంది, చేయలేనివానిని అడగదు. పునీత ఫ్రాన్సిస్ శౌరివారు 1541 ఏప్రిల్ 7న లిస్బన్‌లో ఓడ ఎక్కి, 1542 మే 6న గోవాలో దిగారు. పదమూడు నెలలు! ఇంటివారి ఆపదకు అందలేదని ఆయనను ఎవరు తప్పుపట్టగలరు? ఈనాటి బిడ్డలకు ఆ సాకు లేదు. అంతవరకు పెద్దల మాట న్యాయమే.

అయితే విమానం లెక్క సీటులో కూర్చున్న తరువాత మొదలయ్యే లెక్క. దానికి ముందు యజమాని సెలవు ఇవ్వాలి. టిక్కెట్టుకు డబ్బు కావాలి. పాస్‌పోర్టు చేతిలో ఉండాలి. పనివారి పాస్‌పోర్టును యజమాని ఉంచుకోరాదని కువైట్‌లో 2015 నాటి ఇంటిపనివారి చట్టమే చెబుతున్నది. చట్టం ఉన్నా ఆ అలవాటు పోలేదు. చెప్పకుండా వచ్చేస్తే పని పోతుంది, పంపించడానికి చేసిన అప్పు మాత్రం ఇక్కడే ఉంటుంది. ఆ అప్పు తీర్చి, తల్లికి మందులు కొనిపెట్టిన చేతులు ఎవరివో తీర్పు చెప్పేవారికి తెలియదా? ఆమె దూరాన్ని గంటలలో కొలవడం అన్యాయమని నా అభిప్రాయం.

బెంగుళూరులో ఉన్న కొడుకు సంగతి వేరు. 2021 మార్చిలో ఓర్వకల్లు విమానాశ్రయం నుండి మొదటి విమానాలు ఎగిరిన ఊళ్ళలో బెంగుళూరు ఒకటి. ఆకాశమార్గాన 300 కిలోమీటర్లు కూడా లేదు. విమానం ఎందుకు, డోన్ జంక్షన్‌లో రైలెక్కితే తెల్లవారేసరికి చేరవచ్చు. ఆ కొడుకు శవపేటిక వేళకు వచ్చాడు కాబట్టి మంచివాడు. అంతకుముందు మూడేళ్ళు ఎందుకు రాలేదని ఎవరూ అడగరు. ఇక అదే వీధిలో కాపురముంటూ, మంచంపట్టిన అత్తను చూడడానికి గడప దాటనివారి గురించి విమానాల లెక్క ఏమి చెప్పగలదు? యెరికో దారిలో దెబ్బలుతిని పడివున్న మనిషికి యాజకుడూ లేవీయుడూ ఎంత దూరంలో ఉన్నారు? చేయిచాస్తే అందేటంత. క్రీస్తు ప్రభువు ఆ కథ చెప్పినప్పుడు మెచ్చుకున్నది పరాయివాడైన సమరీయుని.

శౌరివారు మరల స్వదేశం చూడలేదు. 1552 డిసెంబరు 3న చైనా తీరంలోని ఒక దీవిలో మరణించారు. అంతకు ఆరేళ్ళ ముందు, 1546లో, అంబోయినా దీవి నుండి ఐరోపాలోని తన సహోదరులకు ఒక ఉత్తరం రాశారు. వారు స్వహస్తాలతో రాసిన ఉత్తరాల నుండి వారి పేర్లను కత్తిరించి ఎల్లప్పుడూ తన వెంట ఉంచుకొని తిరుగుతున్నానని అందులో తెలిపారు.