జీర్ణోద్ధరణము: ఒక ధర్మవిచారము

పాతదానిని కూల్చుటకు జంకరాదని సంస్కారపక్షమువారమైన మనము తరచుగా చెప్పుచుందుము. అట్లు చెప్పుటకు మనకు కారణములు కలవు. బాల్యవివాహమును, అస్పృశ్యతను, స్త్రీల నిరక్షరతను పూర్వుల సొత్తని కాపాడబూనిన వారితోడనే మన పెద్దలు పోరాడవలసివచ్చెను. కావున ఎవరైనను ‘ఇది ప్రాచీనము, దీనిని ముట్టకుడు’ అన్నచో మనకు మొదట కలుగునది గౌరవము కాదు, అనుమానము. మరి ఆ మాట ఆచారమును గూర్చి గాక ఒక వీధిని గూర్చి, ఒక పేటను గూర్చి, ఒక పట్టణమును గూర్చి చెప్పినప్పుడు మనమేమనవలెను? పాత ఇండ్లను కూల్చి కొత్తవి కట్టుటయు సంస్కారమేనా?

ఈ సందేహము నాకు పుస్తకములవలన కలిగినది కాదు. ఒకనాడు తరగతిలో 1453వ సంవత్సరమున తురుష్కులు కాన్‌స్టాంటినోపిలును పట్టుకొన్న కథ చెప్పుచు, ఆ నగరపు కోటగోడ బొమ్మను పిల్లలకు చూపితిని. ఐదవ శతాబ్దమున థియొడోసియసు చక్రవర్తి కాలమున కట్టిన ఆ గోడ నేటికిని చాలవరకు నిలిచియున్నదని చెప్పగా, వెనుక బల్లమీది బాలుడొకడు లేచి, ‘అయ్యా, ఆ గోడప్రక్కన ఇప్పుడు ఎవరు కాపురముందురు?’ అని యడిగెను. నేను గోడ పొడవు చెప్పగలిగితిని, కాలము చెప్పగలిగితిని. ఆ ప్రశ్నకు మాత్రము నాకు వెంటనే జవాబు తోచలేదు. తరువాత వెదకి తెలిసికొన్న జవాబే ఈ వ్యాసమునకు మూలము.

ఆ గోడను ఆనుకొని సులుకులే అను పేట యొకటి యుండెను. అందు నివసించువారు రోమా జాతివారు. పాటయు, వాద్యమును, నృత్యమును వారి కులవిద్యలు. తరతరములుగా వారక్కడనే యుండిరి. ఇండ్లు చిన్నవి, శిథిలములు, వీధులు ఇరుకు, బీదరికము మిక్కుటము. 2005వ సంవత్సరమున టర్కీ శాసనసభవారు 5366వ నంబరు చట్టము చేసిరి. పాడుపడిన చారిత్రక ప్రదేశములను నూతనపరచి, వాడుకలోనికి తెచ్చి కాపాడుట దాని ఉద్దేశమని చట్టపు పేరే చెప్పును. ఆ చట్టముక్రింద సులుకులేను నవీకరణ ప్రాంతముగా నిర్ణయించి, 2008, 2009 సంవత్సరములలో ఇండ్లను కూల్చివేసిరి. ఆ స్థలమున పాత ఉస్మానీ వాస్తురీతిని తలపించు కొత్త ఇండ్లు లేచినవి. అద్దెకున్నవారిలో అనేకులకు దాదాపు 40 కిలోమీటర్ల దూరమున తాషోలుక్ అనుచోట ప్రభుత్వపు మేడలలో వాయిదాల పద్ధతిమీద ఇండ్లు చూపిరి. పెండ్లిండ్లలో వాద్యములు వాయించి ఆనాటి కూలి ఆనాడు తెచ్చుకొనువారు నెలనెల వాయిదా ఎట్లు కట్టగలరు? అనేకులు ఆ ఇండ్లు విడిచి, సులుకులే దాపుననున్న పేటలకే మరలివచ్చి ఇరుకుగదులలో తలదాచుకొనిరి. 2012లో న్యాయస్థానము ఆ పథకమును రద్దు చేసెను. కాని అప్పటికి ఇండ్లు కూలుటయు, కొత్తవి లేచుటయు జరిగిపోయినది. తీర్పు గోడలను వెనుకకు తేలేదు.

ఇక్కడ మన భాషలోని రెండు మాటలను తలచుకొందము. ‘వాస్తు’ అను పదము నివసించుట అను అర్థముగల ధాతువునుండి పుట్టినది. రాయి, సున్నము, కొయ్య అను వానినుండి కాదు, కాపురమునుండి ఆ పదము పుట్టినది. రెండవది ‘జీర్ణోద్ధరణము’. దేవాలయము పాతబడినప్పుడు దానిని బాగుచేయు విధిని ఆగమములు చెప్పుచున్నవి. గర్భాలయమున పని సాగునంతకాలము దేవుని ‘బాలాలయ’మను తాత్కాలిక మందిరమున ఉంచి, నిత్యపూజకు లోపము రానీయక నడపి, పని ముగిసినంతనే తిరిగి గర్భాలయమునకు వేంచేపు చేయుదురు. గుడి యిప్పుడు బంగారుమయమైనది, పాత దేవుడు దీనికి తగడు, మరింత సంపన్నుడైన దేవుని తెచ్చి నిలుపుదమని ఎవ్వడును అనడు. దేవునికొరకు గుడి గాని గుడికొరకు దేవుడు కాడు. ఈ నియమమునే నరునిపట్ల ఏల పాటింపరాదు? సులుకులేలో గుడిని బాగుచేసితిమనిరి. దేవుడు మాత్రము తిరిగి లోపలికి రాలేదు.

పాత కట్టడమును బాగుచేయుటలో మేలైన మర్యాద ఆ నగరమునకు క్రొత్త కాదు. అయా సోఫియాను 537వ సంవత్సరమున క్రైస్తవ దేవాలయముగా కట్టి ముగించిరి. 1453 తరువాత అది మసీదైనది. జయించినవారు దానిని పడగొట్టియుండవచ్చును, అట్లు చేయలేదు. పదునారవ శతాబ్దమున గొప్ప వాస్తుశిల్పియైన సినాన్ దాని గోడలకు ఊతగోడలు కట్టి బలపరచెను. ఇతరుల దేవునికై ఇతరులు కట్టిన దానిని తనదిగా చేసికొని కాపాడుట సామాన్యమైన గుణము కాదు. 1934 నిర్ణయమువలన అది ప్రదర్శనశాలయై, 2020లో మరల మసీదైనది. ఈ మార్పులను గూర్చి లోకమున భిన్నాభిప్రాయములు కలవు. వానిలోనికి ఇక్కడ పోను. ఒక్కమాట చాలును: ఒక కట్టడము ఒక్క తరమువారి సొత్తు గాని, ఒక్క మతమువారి సొత్తు గాని కాదని అయా సోఫియా రాళ్ళే సాక్ష్యమిచ్చుచున్నవి.

ఇంకొక విధమైన లోపము కలదు. అది పాతదానిని కూల్చుట కాదు, పాతదానిపేర సజీవమైన దానిని కూల్చబూనుట. ఇస్తాంబులు నడిబొడ్డున తక్సీము మైదానము ప్రక్క 1806లో కట్టిన ఫిరంగిదళపు బారకాసులు ఉండెడివి. 1940లో వానిని పడగొట్టిరి. ఫ్రెంచివాడైన ఆన్రీ ప్రోస్తు నగరమునకు వేసిన ప్రణాళిక ననుసరించి అచ్చట గెజీ ఉద్యానవనమును వేసిరి. 2013లో ప్రభుత్వమువారు ఆ చెట్లు తీసివేసి, పోయిన బారకాసుల రూపముననే క్రొత్త కట్టడము నిలుపుదుమనిరి. ఆ యేడు మే నెలాఖరున చెట్లను కాపాడుటకు కొందరు అచ్చట కూర్చుండగా, పోలీసులు వారిని బలాత్కారముగా వెడలగొట్టిరి. దానితో దేశమంతట కల్లోలము పుట్టి కొందరు ప్రాణములు కోల్పోయిరి. చెట్లు నిలిచినవి. పోయినదానిని పోయినట్లే మరల కట్టుట జీర్ణోద్ధరణము కాదు. అది చచ్చినవాని వేషము వేయుట. కాని ఆ ఉద్యానవనము నిష్కళంకమని కూడ అనరాదు. దాని మెట్లకు సమీపమున ఉండిన ఆర్మీనియనుల శ్మశానవాటికలోని పాలరాళ్ళను వాడిరి. ఒకరి స్మృతిని కాపాడుచున్నామని మనము తలచు చోటనే మరియొకరి స్మృతి పాదములక్రింద పడియుండును. కావున ‘మన వారసత్వము’ అన్నప్పుడు ‘మన’ అను మాటలో ఎవరెవరు చేరుదురని అడుగకతప్పదు.

ఇప్పుడు పూర్వపక్షమును వినవలెను. అది అల్పమైనది కాదు. ఇస్తాంబులు భూకంపములకు నెలవైన పగులుదాపున నున్నది. 1999 ఆగస్టు 17వ తేదీన ఇజ్మిత్ ప్రాంతమున వచ్చిన భూకంపములో పదునేడువేలకు పైగా జనులు చనిపోయిరి. 2023 ఫిబ్రవరి 6వ తేదీన ఆగ్నేయ భాగమున వచ్చిన భూకంపములలో టర్కీలోనే ఏబదివేలకు పైగా మడిసిరి. ప్రాచీనమైన అంతాక్య నగరమున హబీబు నజ్జారు మసీదును, సనాతన క్రైస్తవుల దేవాలయమును కూలిపోయినవి. ‘ప్రాణము పోవునట్టి ఇంటిని అందముగా నున్నదని ఉంచుమందురా? మీరు గట్టి ఇంట కూర్చుండి, పాత వీధుల సౌందర్యమును గూర్చి వ్యాసములు వ్రాయుదురు. అందు పడుకొనువాని తలమీద కప్పు కూలినపుడు మీరు వత్తురా?’ అని ఎదుటిపక్షమువారు అడుగుదురు. ఈ ప్రశ్న న్యాయమైనది. శిథిలమైన ఇంటిని దూరమునుండి చూచి మురియువాడు అందు కాపురముండువానికంటె దానిని ఎక్కువగా ప్రేమించుచున్నాడని నేను ఒప్పుకొనను. పేదవాని కష్టము చూపరులకు చిత్రపటము కారాదు.

కాని ఈ వాదమునుండి వారు తీయు ఫలితము మాత్రము నిలువదు. కూలినవి పాతవి మాత్రమేనా? 1999లో కొయ్యచట్రమునడుమ ఇటుకలు పేర్చి కట్టిన పాతకాలపు ఇండ్లు అనేకము నిలువగా, వాని ప్రక్కనే క్రొత్త కాంక్రీటు మేడలు కూలినవని పరిశీలకులు వ్రాసిరి. 2023లో కూలినవానిలో ఇటీవలి నిబంధనలు వచ్చిన తరువాత లేచిన మేడలును కలవు. అనుమతి లేక, నియమము తప్పి కట్టినవానికి రుసుము తీసికొని క్షమాభిక్ష పెట్టు శాసనము 2018లో వచ్చినది. ప్రాణములు తీసినది వయస్సు కాదు, లోభమును, ఉపేక్షయును. 2012లో వచ్చిన 6306వ నంబరు చట్టము ఒక ప్రాంతమునంతటిని అపాయకరమని ప్రకటించు అధికారమును ప్రభుత్వమునకిచ్చెను. దానిని నిజముగా అపాయమున్నచోటనే వాడినచో ఎవ్వరును కాదనరు. నేల ఖరీదు హెచ్చుగానున్నచోటనే అపాయము ముందుగా కనబడుచున్నదని ఆ దేశపు విమర్శకులు చెప్పుచున్నారు. ఎలుకలున్నవని ఇంటికి నిప్పుపెట్టుట తెలివితక్కువ. ఎలుకల నెపముమీద ఇంటిస్థలము కాజేయుట తెలివితక్కువ కాదు, వేరొకటి.

పూర్వపక్షమున రెండవ మాట లోకోపకారము. టైగ్రిసు నదియొడ్డున హసన్‌కైఫు అను ఊరు వేల యేండ్లుగా జనావాసమై యుండెను. కొండలలో తొలిచిన గుహలు, మధ్యయుగపు వంతెన స్తంభములు, మసీదులు దాని భూషణములు. ఇలిసు ఆనకట్టవలన 1,200 మెగావాట్ల విద్యుత్తు పుట్టునని ప్రభుత్వమువారు తలపెట్టిరి. 2017లో సుమారు 1,100 టన్నుల బరువుగల జైనల్ బేగు సమాధిని చక్రములబండిమీద రెండు కిలోమీటర్లు నడిపించి క్రొత్తచోట నిలిపిరి. మరికొన్ని కట్టడములను కూడ తరలించిరి. 2020లో ఊరు నీట మునిగినది. కృష్ణలో నాగార్జునకొండ మునుగుటకు ముందు అచ్చటి శిథిలములను కొండపైకి చేర్చిన కథ తెలిసిన మనకు ఇది పరాయి కథగా తోచదు. దీపము లేని ఇంటికి దీపము వచ్చుట పుణ్యమే. దానిని నేను కాదనను. సమాధిని ఇంత నేర్పుతో, ఇంత వ్యయముతో తరలింపగలిగిన చేతులు బ్రదుకును తరలింపగలవా యనునదే నా ప్రశ్న. రాయికి ఇరుగుపొరుగు లేదు, మనుష్యునకు కలదు. అంగడివానికి గిరాకి, ముదుసలికి పలుకరించు గుమ్మము, పశువులకు మేత, వీనిని ఏ చక్రములబండిమీద ఎక్కింతుము?

మంచిమార్గము లేదని నిరాశపడ పనిలేదు. ఇస్తాంబులులోనే ఫెనేరు, బలాతు అను పేటలలో 2003 మొదలు 2008 వరకు ఐరోపా సమాఖ్యవారి ధనసహాయముతో నూరింటికి పైగా పాత ఇండ్లను బాగుచేసిరి. అచ్చటి జనులను వెడలగొట్టక, వారుండగనే కప్పులు, కిటికీలు, మెట్లు సరిచేయుట ఆ కార్యక్రమపు పద్ధతి. ఇందును లోపములు లేకపోలేదు: పేట బాగుపడినకొలది అద్దెలు పెరుగును, అద్దెలు పెరిగినకొలది పేదవాడు తనంతట తానే కదలిపోవును. కూల్చుబలముచేత పోయినను, అద్దెబరువుచేత పోయినను పోవువాడు వాడే. అయినను, ఇల్లు నిలుపుటయు ఇంటివానిని నిలుపుటయు ఒక్క పనియే యని గుర్తించి ఆరంభించిన చోట, ఆ లోపమును దిద్దుకొనుటకైనను అవకాశము మిగులును.

రస్కిను మహాశయుడు 1849లో వాస్తువును గూర్చి వ్రాసిన గ్రంథమున, పాత కట్టడములు మనవి కావనియు, కొంత కట్టినవారివి, కొంత రాబోవు తరములవారివి యనియు చెప్పెను. ఆ మాట గొప్పది. కాని అందొక వెలితి నాకు తోచుచున్నది. చనిపోయినవారికిని పుట్టబోవువారికిని పాలు పంచి, బ్రదికియున్నవాని నడుమ మరువరాదు. నేడు ఆ గుమ్మమున కూర్చున్నవాడు ఆ యింటిని కట్టినవాని సంతతి కాకపోవచ్చును. తర్లబాషి పేటలో గ్రీకులును ఆర్మీనియనులును కట్టిన ఇండ్లలో, వారు వెడలిన తరువాత, అనటోలియా పల్లెలనుండి వచ్చిన బీదలు కాపురముండిరి. ఆ పేటను నవీకరించినప్పుడు వెలిముఖములను పాతరీతిని నిలిపిరి లేదా తిరిగి కట్టిరి; లోపలివారు మారిరి. కట్టినవారు మొదటిసారి, కాపాడినవారు రెండవసారి వెడలవలసివచ్చెను. ముఖము నిలిచి ప్రాణము పోయినదానిని మన భాషలో ఏమందురో చదువరులకు నేను చెప్పనక్కరలేదు.

కావున నాకు తోచిన నిర్ణయమిది. ఒక పేటను బాగుచేయబూనినవారు మూడు ప్రశ్నలకు ముందుగా జవాబు చెప్పవలెను. అపాయము నిజమైనదా, నెపమా? పని జరుగునంతకాలము అచ్చటివారి బాలాలయమెక్కడ? పని ముగిసినపిమ్మట అదే గుమ్మమున అదే మనుష్యుడు అడుగుపెట్టగలడా? మూడవదానికి ‘కాదు’ అను జవాబు వచ్చినచో ఆ పనికి వర్తకమని పేరు పెట్టవచ్చును, జీర్ణోద్ధరణమని మాత్రము అనరాదు. ప్రాణాపాయమువలన గాని, ఆనకట్టవంటి మహాకార్యమువలన గాని తరలింపక తప్పనిచో, తరలువాని సమ్మతియు, వాని బ్రతుకుతెరువును మొదటి రాయి తీయకముందే లెక్కకు రావలెను.

మొదటి ప్రశ్నకు వత్తము. సంస్కర్త పాతదానిని ఏల కూల్చెను? అది పాతదని కాదు. దానిక్రింద మనుష్యుడు నలుగుచుండెనని. ఆ కారణమును మరచి కూల్చుట నొక్కదానినే నేర్చుకొన్నవాడు సంస్కర్త కాడు. వితంతువు నోరు నొక్కిన ఆచారమును, వాద్యగాని ఇల్లు నేలమట్టము చేసిన నవీకరణమును నేను ఒక్క తూనికరాతితోనే తూచెదను. మరునాడు తరగతిలో ఆ బాలునకు, గోడప్రక్కన ఎవరుండిరో, వారెక్కడికి పోయిరో చెప్పితిని. వాడు కొంచెముసేపు ఊరకుండి, ‘అయితే గోడను ఎవరికొరకు ఉంచిరయ్యా?’ అని యడిగెను. ఈ ప్రశ్నకు జవాబు చెప్పవలసినవాడను నేనొక్కడనే కాను. విజ్ఞులు విచారింతురుగాక.