ఇంటిపట్టునే ఉండమనడం సేవ అవుతుందా?

హిజ్రీ 8వ సంవత్సరం, రమజాన్ నెల. ముస్లిం సైన్యం మక్కా పొలిమేరలకు చేరుకుంది. హజ్రత్ అబూబక్ర్ (రజి) తండ్రి అబూ ఖుహాఫా అప్పటికి బాగా వృద్ధులు, చూపు కూడా పోయింది. బయట ఏం జరుగుతుందో తెలియని ఆ సమయంలో ఆయన తన చిన్న కూతుర్ని పిలిచి, తనను అబూఖుబైస్ కొండ మీదికి తీసుకెళ్ళమన్నారు. ఆ అమ్మాయి చెయ్యి పట్టుకొని తీసుకెళ్ళింది. కొండమీద నిలబడి, నీకేం కనబడుతోందని ఆయన అడిగారు. దూరాన నల్లగా ఒక గుంపు కనబడుతోందని ఆమె చెప్పింది. అది అశ్వికదళం అన్నారు ఆయన. గుంపు ముందు ఒక మనిషి అటూ ఇటూ తిరుగుతున్నాడంది. అతడే వారిని నడిపే నాయకుడన్నారు. ఇంతలో ఆ నల్లని గుంపు చెదిరి కదిలిందని చెప్పగానే, సైన్యం బయలుదేరింది, వెంటనే ఇంటికి తీసుకెళ్ళమన్నారు. హజ్రత్ అస్మా (రజి) ఉల్లేఖనంగా సీరత్ గ్రంథాల్లో ఈ సంఘటన ఉంది.

మనం ఈ సంఘటనను మక్కా విజయ గాథలో ఒక చిన్న భాగంగా చదివి ముందుకు వెళ్ళిపోతాం. కొంచెం ఆగి చూడండి. చూపు ఆ అమ్మాయిది, గ్రహింపు ఆ ముసలాయనది. ఎక్కడికి వెళ్ళాలో నిర్ణయించినది ఆయన. ఎప్పుడు తిరిగి రావాలో చెప్పినది కూడా ఆయనే. ఆ అమ్మాయి ఆయనకు తోడుగా వెళ్ళిందే తప్ప ఆయన మీద అధికారిగా కాదు.

ఆ తరువాతి ఘట్టం చాలామందికి తెలిసినదే. దైవప్రవక్త (స) మస్జిదులో ప్రవేశించాక హజ్రత్ అబూబక్ర్ (రజి) తమ తండ్రిని వెంటబెట్టుకొని వచ్చారు. ఆ పెద్దాయనను చూసి దైవప్రవక్త (స), ఆయనను ఇంట్లోనే ఉండనివ్వకపోయారా, నేనే ఆయన దగ్గరికి వచ్చేవాణ్ణి కదా అనే భావంలో మాట్లాడారు. మక్కా నగరం చేతికి వచ్చిన రోజు అది. ఎన్నెన్ని పనులు ఎదురుచూస్తున్నాయో ఊహించండి. అటువంటి రోజున ఒక వృద్ధుని గడపకు నడిచి వెళ్ళటానికి తీరిక ఉందన్నారు ఆయన.

ఇక మన ఇళ్ళ సంగతికి వద్దాం. కడప, రాయచోటి, నిజామాబాద్, కరీంనగర్, హైదరాబాద్ పాతబస్తీ - ఎక్కడ చూసినా గల్ఫ్‌కు వెళ్ళిన కొడుకుల ఇళ్ళు కనబడతాయి. ఇల్లు పక్కాది. నెలనెలా డబ్బు వస్తుంది. ఫ్రిజ్ ఉంది, ఇన్వర్టర్ ఉంది. లోపల ఇద్దరు ముసలివాళ్ళు, ఒక్కోచోట ఒక్కరే. రాత్రి వీడియో కాల్‌లో కొడుకు చెప్పే మాట దాదాపు ఒకటే: "అబ్బా, మీరు ఎక్కడికీ వెళ్ళకండి. పడిపోతారు. ఏది కావాలన్నా చెప్పండి, ఇంటికే పంపిస్తాను."

ఈ మాటలో ప్రేమ లేదని ఎవరనగలరు? తుంటి ఎముక విరిగితే ఆ వయసులో మంచం దిగటం ఎంత కష్టమో మనందరికీ తెలుసు. అయితే అడగవలసిన ప్రశ్న ఒకటుంది. పడకుండా కాపాడటం కోసం ఒక మనిషిని నాలుగు గోడల మధ్య కూర్చోబెట్టే హక్కు సంతానానికి ఉందా? ప్రేమతో చేసినంత మాత్రాన అది సేవ అవుతుందా?

కొందరు ధార్మికమైన సమాధానం చెబుతారు. వృద్ధులకు, రోగులకు షరీఅత్ సడలింపు ఇచ్చింది కదా, నిలబడలేనివారు కూర్చొని నమాజు చేయవచ్చు, మస్జిదుకు రాలేనివారు ఇంట్లో చేసుకోవచ్చు, అలాంటప్పుడు బయటికి వెళ్ళవలసిన అవసరం ఏముంది అంటారు. సడలింపు ఉన్న మాట నిజమే. కానీ అది ఎవరికి ఇవ్వబడింది? ఆ వృద్ధునికి. తన ఒంట్లో శక్తి ఎంత ఉందో తనకు తెలుసు గనుక, దాన్ని వాడుకోవాలో వద్దో ఆలోచించుకొనేది ఆయన. అల్లాహ్ ఆయనకు ఇచ్చిన రుఖ్సత్‌ను మనం మన చేతుల్లోకి తీసుకొని ఆయన మీద ఆజ్ఞగా అమలు చేస్తే, దాని పేరు సడలింపు కాదు, నిర్బంధం.

హజ్రత్ ఇత్బాన్ బిన్ మాలిక్ (రజి) విషయమే తీసుకోండి. బుఖారీలో ఉంది. ఆయన తన తెగవారికి నమాజు చేయించేవారు. చూపు మందగించింది. వర్షం కురిస్తే దారిలోని వాగు పొంగేది, మస్జిదుకు వెళ్ళలేకపోయేవారు. ఆయనే స్వయంగా దైవప్రవక్త (స) సన్నిధికి వచ్చి, తమరు మా ఇంటికి వచ్చి ఒకచోట నమాజు చేస్తే ఆ చోటును నా నమాజు స్థలంగా చేసుకుంటానని విన్నవించుకున్నారు. మరునాడు ప్రొద్దెక్కాక దైవప్రవక్త (స) హజ్రత్ అబూబక్ర్ (రజి)ను వెంటబెట్టుకొని వెళ్ళారు. ఇంట్లో అడుగుపెట్టి కూర్చోకముందే ఆయన అడిగినదేమిటంటే, మీ ఇంట్లో నేను ఎక్కడ నమాజు చేయాలని మీ కోరిక అని. ఇత్బాన్ (రజి) ఒక మూల చూపించారు. అక్కడే నమాజు జరిగింది. కోరిక ఆయనదే, చోటూ ఆయన చూపించినదే.

దీనికి పక్కనే మరో హదీసు పెట్టి చూడాలి. చూపులేని ఒక సహాబీ వచ్చి, మస్జిదుకు చేయిపట్టి తీసుకొచ్చేవారు లేరని, ఇంట్లో నమాజు చేసుకోవటానికి అనుమతి కావాలని కోరారు. ముందు అనుమతి లభించింది. ఆయన వెనుదిరిగాక దైవప్రవక్త (స) మళ్ళీ పిలిచి, అజాన్ వినబడుతుందా అని అడిగి, వినబడుతుందంటే, అయితే రమ్మన్నారు. ముస్లిం గ్రంథంలో ఉంది ఇది. అబూదావూద్‌లో ఆ సహాబీ హజ్రత్ ఇబ్నె ఉమ్మె మక్తూమ్ (రజి) అని ఉంది. ధర్మవేత్తలు దీన్నుంచి జమాఅత్ నమాజు విధి గురించి ఎన్నో చర్చలు చేశారు, వాటి జోలికి మనం ఇక్కడ పోవటం లేదు. నా దృష్టి ఆయన చెప్పుకున్న ఇబ్బంది మీద ఉంది. నడవలేనని ఆయన అనలేదు. తీసుకెళ్ళేవారు లేరన్నారు. మన మహల్లాల్లో మస్జిదుకు రావటం మానేసిన ముసలివారిలో ఎంతమంది నిజంగా రాలేనివారు? ఎంతమంది తోడు దొరకనివారు?

దేశ చట్టం కూడా ఈ విషయంలో కొంత దూరమే వచ్చింది. 2007లో వచ్చిన తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం ప్రకారం సంతానం వారికి పోషణ ఇవ్వాలి. పోషణ అంటే తిండి, బట్ట, నివాసం, వైద్యం. ట్రిబ్యునల్ నెలకు 10,000 రూపాయల వరకు ఇప్పించవచ్చు. చట్టం డబ్బు ఇప్పించగలదు. శుక్రవారం మధ్యాహ్నం చేయిపట్టుకొని నడిపించే మనిషిని ఇప్పించలేదు. చట్టాన్ని తప్పుపట్టడం కాదు, కోర్టుకు అందే వస్తువు కాదది.

ఈ ఇరవై ఏళ్ళలో సౌకర్యాలు పెరిగాయి. 2014లో పింఛనుదారుల డిజిటల్ జీవన ప్రమాణ పత్రం వచ్చింది. వేలిముద్రలు అరిగిపోయిన ముసలివారికి అదీ ఇబ్బందయ్యేది. 2021లో ఫోన్‌లో ముఖం చూపించినా సరిపోయే పద్ధతి తెచ్చారు. బ్యాంకుకు పోనవసరం లేదు. సరుకులు, మందులు ఇంటికే వస్తాయి. ఇవన్నీ మేలే. కానీ నవంబరులో పింఛను కాగితం కోసం బ్యాంకుకు వెళ్ళిన రిటైర్డ్ మాస్టారుకు అక్కడ వరుసలో నలుగురు పాత స్నేహితులు కలిసేవారు. ఎవరి ఆరోగ్యం ఎలా ఉంది, ఎవరు అల్లాహ్‌ను చేరుకున్నారు అనేది అక్కడే తెలిసేది. ఇప్పుడు ఆ పని మంచం మీదే అయిపోతోంది. ఆ నలుగురిని ఎవరు చూపించాలి?

అలాగే తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీ బస్సుల్లో మహిళలకు ఉచిత ప్రయాణం మొదలయింది. టిక్కెట్టు సమస్య తీరింది. మోకాళ్ళ నొప్పులున్న డెబ్బై ఏళ్ళ ఖాలాకు అసలు సమస్య టిక్కెట్టు కాదు, బస్సు మెట్టు. ఆ మెట్టు ఎక్కేలోగా డ్రైవరు బండి కదిలిస్తాడేమోనన్న భయం. ఎక్కాక సంచి ఎవరు పట్టుకుంటారన్నది ఇంకో దిగులు. ఒక మనిషిని అతని వాహనం మీద ఎక్కించటం, సామాను అందివ్వటం కూడా సదఖా అని బుఖారీ, ముస్లిం గ్రంథాల్లోని హదీసు తెలుపుతోంది. అప్పుడు ఒంటె, ఇప్పుడు ఆర్టీసీ బస్సు. ఆటో నడిపే సోదరులు కూడా ఈ హదీసు గుర్తుంచుకోవచ్చు. కిరాయి బండి నడిపినందుకు వస్తుంది, దిగి చెయ్యి అందిస్తే ఆ పుణ్యం వేరుగా ఉంటుంది.

గల్ఫ్‌లో ఉన్న కొడుకు ఏం చేయాలి, ఉద్యోగం మానుకొని రావాలా అని మీరు అడగవచ్చు. అందరికీ అది సాధ్యం కాదు. సంపాదన కూడా ఇంటికోసమే. జీతం ఇచ్చి ఒక మనిషిని పెట్టడంలో తప్పేమీ లేదు, స్థోమత ఉన్నవారు పెట్టాలి కూడా. అయితే పెట్టిన మనిషి ఎవరి మాట వినాలన్నది ముందే తేల్చి చెప్పాలి. చాలా ఇళ్ళలో ఆ పనివాడు దుబాయి నుంచి వచ్చే ఫోన్‌కు జవాబు చెబుతాడు గానీ పక్కనున్న ముసలాయనకు చెప్పడు. "సార్ వద్దన్నారు" అంటాడు. తన సొంత ఇంట్లో, తన కొడుకు జీతమిచ్చే మనిషి చేత, ఆయన ఆ మాట వినాలి. బనీ ఇస్రాయీల్ సూరా 23, 24 ఆయతుల్లో తల్లిదండ్రుల ముందు విసుగు మాట కూడా పలకరాదని, అణకువతో మెలగాలని అల్లాహ్ ఆదేశించాడు. ఆ విసుగు మనం నోటితో పలికినా, మనం పెట్టిన మనిషి నోట పలికించినా ఆయన చెవికి ఒకటే.

కోడలి సంగతి కూడా ఒక మాట చెప్పుకోవాలి. కొడుకు దూరదేశంలో ఉంటే ఈ బరువంతా ఆమె మీద పడుతుంది. అత్తమామలకు ఆమె చేసేది ఉపకారం, దానికి గొప్ప ప్రతిఫలం ఉంది. బాధ్యత మాత్రం కొడుకుది. ఆమె అలసిపోయి వద్దంటే ఆమెను నిందించి తాను తప్పుకోవటం కొడుకుకు తగదు.

మద్‌యన్ బావి దగ్గర హజ్రత్ మూసా (అలై) చూసినది ఇటువంటి ఇంటినే. తండ్రి బాగా వృద్ధుడు. కూతుళ్ళిద్దరూ పశువులను తోలుకొచ్చి, కాపరుల రద్దీ తగ్గేదాకా దూరంగా నిలబడ్డారు. మూసా (అలై) పశువులకు నీళ్ళు పెట్టి, ఏమీ అడగకుండా నీడకు వెళ్ళి కూర్చున్నారు. ఖసస్ సూరాలో ఈ గాథ ఉంది. తరువాత జరిగినది గమనించండి. ఆ వృద్ధుడు ఇల్లు కదలకపోయినా, కూతుర్ని పంపి మూసా (అలై)ను పిలిపించాడు. ఆయన కథంతా విని ధైర్యం చెప్పాడు. కూతురు ఇచ్చిన సలహా విని, పనికి షరతులు మాట్లాడి, పెళ్ళి విషయం కూడా తానే ప్రస్తావించాడు. కాళ్ళలో బలం తగ్గినంత మాత్రాన ఇంటి పెద్దరికం పోలేదు.

మస్జిదు కమిటీలు తలచుకుంటే పెద్ద ఖర్చు లేకుండానే ఎంతో చేయవచ్చు. వుజూ చేసే చోట జారని బండలు, పట్టుకోవటానికి ఒక కడ్డీ, మెట్ల పక్కన వాలుదారి. జుమా రోజు ఏ వీధిలో ఎవరిని తీసుకురావాలో నలుగురు యువకులు పంచుకుంటే చాలు. బైకు వెనుక కూర్చోలేని వారికి తెలిసిన ఆటో ఒకటి మాట్లాడుకోవాలి. స్త్రీల విషయం వేరుగా ఆలోచించాలి. పొరుగింటి కుర్రవాడి బైకు మీద ఖాలా వెళ్ళలేదు, వెళ్ళకూడదు కూడా. ఆమెకు తోడు మరో స్త్రీ కావాలి. ఇజ్తెమాకు వచ్చే సోదరీమణులే ఈ పని మొదలుపెట్టడం మేలు. వెంట వెళ్ళేవారు డాక్టరు చెప్పినది కాగితం మీద రాసుకోవాలి, లేకపోతే ఇంటికి వచ్చేసరికి ఏ మాత్ర ఎప్పుడో ఇద్దరూ మరచిపోతారు. సహాయం చేసేవారెవరూ దొరకని చోట ప్రభుత్వ వృద్ధుల హెల్ప్‌లైన్ 14567 ఉంది, అడిగి చూడవచ్చు.

తోడు వెళ్ళేవారికి అన్నిటికంటే కష్టమైనది తీరిక. ముసలివారి ప్రయాణం ఆసుపత్రితో అయిపోదు. తిరిగి వచ్చేటప్పుడు చెల్లెలి ఇంటి ముందు ఆపమంటారు. ఖబ్రస్తాన్ దగ్గర దిగి భార్య సమాధి చూస్తానంటారు. పాత కిరాణా కొట్టు మూతపడిందని తెలిసినా ఆ వీధిగుండానే వెళ్దామంటారు. ఆటో మాట్లాడేటప్పుడే దారిలో రెండు చోట్ల ఆగవలసి ఉంటుందని, దానికి వేరే ఇస్తామని డ్రైవరుకు చెప్పి ఉంచితే, ఆయన అక్కడ నిలబడినంతసేపూ వెనుక నుంచి హారన్ మోగకుండా ఉంటుంది.