గొల్లుం చెడ్డవాడేనా?



పిల్లలు సినిమా చూస్తూనో, కథ వింటూనో మొట్టమొదట అడిగే ప్రశ్న ఒకటుంది: "వీడు మంచివాడా, చెడ్డవాడా?" పెద్దవాళ్లం ఏదో పనిలో ఉండి ఒక్క ముక్కలో జవాబు చెప్పేస్తాం. మన జానపద చిత్రాల విషయంలో ఆ జవాబుకు కష్టం లేదు. 1951 నాటి 'పాతాళభైరవి'లో నేపాళ మాంత్రికుడు ఎటువంటివాడో పసివాడికి కూడా తెలుసు. అతడు చస్తే ఎవరికీ బాధ ఉండదు, ఎస్.వి. రంగారావుగారి నటన అయిపోయిందే అన్న బాధ తప్ప.

అయితే మీ పిల్లల చేతుల్లో ఇప్పుడు వేరే కథలు కూడా ఉన్నాయి. వాటిలో ఒకటి 'ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్'. 1954, 1955 సంవత్సరాలలో మూడు సంపుటాలుగా వచ్చిన ఇంగ్లీషు నవల ఇది. 2001 నుండి 2003 వరకు మూడు సినిమాలుగా తీశారు. అందులో గొల్లుం అనే ప్రాణి ఉన్నాడు. బక్కచిక్కిన ఒళ్లు, మిణుకుమిణుకుమనే కళ్లు, గొంతులో గుటక శబ్దం. ఆ శబ్దాన్ని బట్టే వాడికి ఆ పేరు వచ్చింది. వాడు మంచివాడా, చెడ్డవాడా అని మీ అబ్బాయి అడిగితే మాత్రం తొందరపడి జవాబు చెప్పకండి. అది కథల పుస్తకంలో మొదలై జ్ఞానోపదేశంలోకి వచ్చే ప్రశ్న.

ఈ కథ రాసిన టోల్కీన్ (1892–1973) ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడు, మన కతోలికుడు. తండ్రి పసితనంలోనే పోయాడు. తల్లి మేబెల్ 1900లో కతోలిక శ్రీసభలో చేరినందుకు బంధువులు కోపగించి, చేస్తున్న డబ్బు సాయం మానేశారు. మధుమేహంతో 1904లో ఆమె కన్నుమూసేనాటికి పెద్దవాడైన టోల్కీన్‌కు పన్నెండేళ్లు. పునీత న్యూమన్‌గారు స్థాపించిన బర్మింగ్‌హామ్ ఒరేటరీలోని ఫ్రాన్సిస్ మోర్గాన్ అనే గురువు ఆ అన్నదమ్ములిద్దరికీ సంరక్షకులై పెంచారు. పిల్లలిద్దరూ ఉదయాన్నే ఆయన పూజకు పరిచర్య చేసి బడికి వెళ్లేవారు. తన నవల మూలంలో కతోలిక రచనేనని 1953లో యేసుసభకు చెందిన ఒక మిత్రునికి రాసిన లేఖలో టోల్కీన్ చెప్పాడు. అయినా ఆ కథలో దేవాలయం కనిపించదు, గురువు కనిపించడు, క్రీస్తు పేరు వినిపించదు. కాని కథకు ప్రాణమైన ఉంగరం నాశనమయ్యే రోజు మార్చి 25. అది మన మంగళవార్త పండుగ రోజు! ఆ తేదీని ఆయన తెలిసే పెట్టాడు.

ఇక గొల్లుం సంగతి. వాడి అసలు పేరు స్మియాగోల్. నది ఒడ్డున బ్రతికే పొట్టి జాతివాడు. తన పుట్టినరోజున స్నేహితుడితో చేపలకు వెళితే ఆ స్నేహితుడికి నది అడుగున ఒక ఉంగరం దొరికింది. నా పుట్టినరోజు గదా, నాకివ్వమన్నాడు. ఇవ్వనన్నందుకు గొంతు నులిమి చంపేశాడు. అది సౌరాన్ అనే దుష్ట ప్రభువు చేసిన ఉంగరమనీ, పెట్టుకున్నవాడిని లోలోపల తినేస్తుందనీ వాడికి తెలియదు. సొంతవాళ్లు వాడిని వెళ్లగొట్టారు. కొండ కింద చీకట్లో దాక్కుని, పచ్చి చేపలు తింటూ, తనలో తాను మాట్లాడుకుంటూ దాదాపు 500 ఏళ్లు గడిపాడు. ఉంగరానికి ఒక ముద్దుపేరు పెట్టుకున్నాడు. గమనించండి, తనను కూడా అదే పేరుతో పిలుచుకుంటాడు. తానెక్కడ ముగిసి ఉంగరమెక్కడ మొదలైందో వాడికే తెలియదు. సారాయికో, పేకాటకో, వడ్డీ డబ్బుకో అలా అంటుకుపోయిన మనిషిని మీరెప్పుడైనా చూసి ఉంటే ఈ రచయిత గాలిలో రాయలేదని ఒప్పుకుంటారు.

మరి వాడు చెడ్డవాడు కాడా? హత్య హత్యే. దాన్ని పల్చన చేయడానికి వీల్లేదు. కాని 1992లో వెలువడిన శ్రీసభ సత్యోపదేశ గ్రంథం ఏం నేర్పుతున్నదో చూడండి. చావైన పాపమనడానికి విషయం గంభీరమై ఉండాలి, పూర్తి తెలివి ఉండాలి, పూర్తి సమ్మతి ఉండాలి. పాతుకుపోయిన అలవాటు, భయం వంటివి మనిషి బాధ్యతను తగ్గించవచ్చు. ఒక పని ఘోరమని మనం చెప్పవచ్చు గాని, చేసిన మనిషిమీద తీర్పు దేవుని న్యాయానికీ దయకూ వదిలిపెట్టాలి. శ్రీసభ ఎందరినో పునీతులుగా ప్రకటించింది. ఫలానావాడు నరకంలో ఉన్నాడని మాత్రం ఒక్క మనిషి పేరు కూడా ప్రకటించలేదు.

దీని వెనుక పునీత అగుస్తీనువారి పాత బోధ ఉంది. చెడుకు సొంత ఉనికి లేదు, అది మంచిలో పడిన లోటు అన్నారాయన. గాయం శరీరంలోనే ఉంటుంది గాని, శరీరం లేకుండా గాయం ఒక్కటే ఎక్కడా ఉండదు గదా! కనుక బ్రతికున్న వాడెవడూ పూర్తిగా చెడు కాలేడు. ఆ సౌరాన్ సైతం మొదట చెడ్డవాడు కాడని నవలలో ఒక జ్ఞాని చెబుతాడు. గొల్లుంలోనైతే ఎక్కడో ఒక మూల పాత స్మియాగోల్ ఇంకా మిగిలే ఉన్నాడు. ఉంగరాన్ని అగ్నిపర్వతంలో వేసి నాశనం చేయడానికి బయలుదేరిన ఫ్రోడో అనే చిన్నవాడు వాడిని పట్టుకుని, చంపకుండా, ఆ పాత పేరుతో పిలుస్తాడు. వందల ఏళ్ల తరువాత ఎవరో తన పేరు పెట్టి పిలిచేసరికి వాడిలో నిజంగానే మార్పు మొదలవుతుంది.

ఫ్రోడో జాలిపడ్డాడు గాని కళ్లు మూసుకోలేదు. మొదట తాడు కట్టాడు, తరువాత ప్రమాణం చేయించాడు. జాలి చూపడమంటే బీరువా తాళం చేతికివ్వడం కాదు. దెబ్బలు తిన్న భార్య తనకూ పిల్లలకూ కాపు చూసుకోవడం పాపమని ఎవరైనా చెబితే వినకండి.

ఇప్పుడు ఈ నవలలో నన్ను ఎక్కువ బాధపెట్టే ఘట్టం చెబుతాను. రాస్తున్నప్పుడు తననూ ఎంతో కదిలించిన ఘట్టాలలో అదొకటని రచయితే ఒక లేఖలో చెప్పాడు. శత్రుదేశపు కొండమెట్ల మీద ఫ్రోడో అలసి, తన నమ్మకమైన సేవకుడు శామ్ ఒడిలో తలపెట్టుకుని నిద్రపోతున్నాడు. శామ్ కూడా కునికాడు. గొల్లుం అప్పుడే ఎక్కడికో వెళ్లి వచ్చాడు. వీళ్లను ఒక రాక్షస సాలీడుకు అప్పగించాలని కుట్ర పన్ని వచ్చాడు. నిద్రపోతున్న ఇద్దరినీ చూసి ఆగిపోయాడు. ఆ ముఖంలోని ఆశ అంతా ఆరిపోయి, ఏనాడో తనవాళ్లందరినీ పోగొట్టుకున్న ఒక ముసలివాడు మిగిలాడు. వణికే చేతిని చాచి ఫ్రోడో మోకాలిని మెల్లగా తాకాడు. అంతలో ఫ్రోడో నిద్రలో కదిలాడు, శామ్‌కు మెలకువ వచ్చింది. దొంగలాగా ఎక్కడ తిరిగొస్తున్నావని కసిరాడు. ఆ క్షణం పోయింది. గొల్లుం కళ్లలో మళ్లీ పచ్చటి మంట లేచింది. కుట్ర జరిగిపోయింది.

శామ్ చెడ్డవాడా? ఈ కథలో అంతటి మంచి మనసున్నవాడు మరొకడు లేడు. పైగా అతని అనుమానం నూటికి నూరుపాళ్లు నిజం. గొల్లుం మోసం చేసే వచ్చాడు! మాట నిజమే, పలికిన వేళ మాత్రం ఒక ఆత్మ తలుపు దగ్గరకు వచ్చి నిలబడిన వేళ. నిజం చెప్పే హక్కు మనకుంది గనుక ఎప్పుడైనా చెప్పవచ్చుననుకునే మంచివాళ్లం మన విచారణలలో చాలామందిమి ఉన్నాం.

పదేళ్లుగా గుడి మొగం చూడనివాడు క్రిస్మస్ రాత్రి పూజకు వచ్చి వెనుక గుమ్మం పక్కన నిలబడతాడు. "ఈరోజు సూర్యుడు ఎటు పొడిచాడో!" అంటాడు పక్కవాడు. రోజూ తాగి వచ్చేవాడు ఒక సాయంత్రం తాగకుండా ఇంటికి వస్తాడు. "ఏం, ఇవాళ డబ్బుల్లేవా?" అంటుంది తల్లి. ఆమె ఏడ్చిన ఏడుపులు నాకు తెలుసు, ఆమెను తప్పుపట్టను. పెళ్లి విషయంలో ఇంటి నుండి వెళ్లిపోయిన కూతురు నాలుగేళ్లకు ఫోను చేస్తే తీసినవాడు పలకకుండా పెట్టేస్తాడు. పాపసంకీర్తనానికి వచ్చినవాడితో గురువు విసుక్కుంటే అదీ అంతే. గురువులం ఈ లెక్కలో బయటివాళ్లం కాము.

ఎందుకంటే ఇటువంటి ఘట్టం సువిశేషంలో కూడా ఉంది, అందులో గద్దించినవాళ్లు యాజకులే. ఆ రాత్రి పడిపోయిన శిష్యులలో ఇద్దరి సంగతి వివరంగా చదువుతాం. పేతురు ఎరుగనని బొంకాడు, యూదా అమ్మేశాడు. పేతురు వైపు ప్రభువు తిరిగి చూశారని లూకా రాశాడు. ఆ చూపుకు పేతురు బయటికి వెళ్లి వెక్కి వెక్కి ఏడ్చాడు. యూదా కూడా పశ్చాత్తాపపడ్డాడని మత్తయి రాశాడు. ముప్పది వెండి నాణెములు తిరిగి తెచ్చి, నిరపరాధిని అప్పగించి పాపం చేశానని యాజకుల ముందే ఒప్పుకున్నాడు. వాళ్లేమన్నారు? దానితో మాకేం పని, నీవే చూసుకొమ్మన్నారు. యూదా పాపం యూదాదే, ప్రభువు దగ్గరకు వెళ్లకపోవడమూ అతనిదే. అయినా ఆ యాజకుల జవాబు చదివినప్పుడల్లా నాకు ఒళ్లు గగుర్పొడుస్తుంది.

మళ్లీ కథకు వద్దాం. అంత మంచివాడైన ఫ్రోడో కూడా చివరికి అగ్నిపర్వతం అంచున నిలబడి, ఉంగరాన్ని వేయనని, ఇది నాదని తొడుక్కుంటాడు. పాఠకులలో కొందరికి ఇది మింగుడుపడలేదు. అటువంటి ద్రోహికి సన్మానమేమిటి, మరణశిక్ష వేయవలసిందని ఒకరు రచయితకు మండిపడుతూ లేఖ రాశారట! దానిని తలచుకుంటూ 1956లో టోల్కీన్ పరలోక జపంలోని చివరి మనవులను గుర్తుచేశాడు. శోధనలో పడనీయవద్దని మనం రోజూ అడుగుతున్నామంటే, మన బలానికి మించిన శోధన వస్తుందనే గదా! ఫ్రోడో తన బలంతో గెలవలేదు. గొల్లుం వచ్చి మీదపడి, వేలు కొరికి ఉంగరం లాక్కుని, ఆ సంతోషంలో కాలు జారి మంటల్లో పడ్డాడు. లోకం బ్రతికింది. అంతకుముందు వాడిని చంపగలిగి కూడా చంపకుండా వదిలిన చేతులు ఎన్నో ఉన్నాయి. వాటిలో ఒక్కటి దెబ్బ వేసినా ఆ రోజు ఉంగరం ఫ్రోడో వేలికే ఉండిపోయేది.

ఆ చేతులలో ఆఖరిది శామ్‌ది. కొండమీద గొల్లుం అతని కత్తి కింద కుక్కిన పేనులా పడి ఉన్నాడు. ఈసారి శామ్ కొట్టలేకపోయాడు. మధ్యలో ఒకరోజు ఆ ఉంగరాన్ని తానే మోయవలసి వచ్చింది గనుక, దాన్ని వందల ఏళ్లు మోసినవాడి బాధ ఏదో లీలగా అర్థమైంది. పొమ్మని తిట్టి వదిలేశాడు. కాసేపటికి అంతా అయిపోయి, చుట్టూ కొండ కూలుతుంటే, వేలు తెగిన ఫ్రోడో శామ్ పక్కన నిలబడి గొల్లుం గురించి మాట్లాడతాడు. వాడు లేకపోతే నా వల్ల అయ్యేది కాదు, వాడిని క్షమించుదామంటాడు.