యాభై రెండు మంది ఏమన్నట్టు?

థెరిసా మే గురించి ఎప్పుడు చదివినా ఒక ప్రశ్న దగ్గర ఆగిపోతాను. తనకు నమ్మకం లేని పనిని, జనం అడిగారు కాబట్టి ముందు నిలబడి చేయిస్తానని ఒప్పుకున్న మనిషిని నిజాయితీపరురాలు అనాలా, అనకూడదా?

సంగతి తెలిసిందే. బ్రిటన్ యూరోపియన్ యూనియన్‌లో ఉండాలా, బయటికి రావాలా అని 2016 జూన్ 23న రెఫరెండం పెట్టారు. 51.9 శాతం వెళ్లిపోదామన్నారు, 48.1 శాతం ఉందామన్నారు. ఇంగ్లండ్, వేల్స్ ఒకవైపు. స్కాట్లండ్ (62 శాతం), ఉత్తర ఐర్లండ్ (దాదాపు 56 శాతం) రెండోవైపు. రెఫరెండం పెట్టిన డేవిడ్ కామెరాన్ మర్నాడు పొద్దున్నే రాజీనామా ప్రకటించాడు. జులై 13న మే ప్రధాని అయ్యారు. ప్రచారంలో ఆవిడది 'ఉందాం' పక్షమే, గొంతు పెద్దగా ఎత్తకపోయినా.

నేనప్పుడు హైదరాబాద్‌లో కూర్చుని ఒక లండన్ క్లయింటుకి పనిచేస్తున్నాను. ఆన్‌సైట్‌లో ఉన్న మా టీమ్ మిత్రుడు ఆ రెఫరెండంలో ఓటేశాడు! అక్కడ నివాసముంటున్న కామన్వెల్త్ పౌరులకి ఓటుంది మరి. వర్క్ వీసా మీద వెళ్లి రెండేళ్లు కూడా నిండనివాడు బ్రిటన్ భవిష్యత్తు మీద ఓటేయొచ్చు, పదిహేనేళ్లుగా అక్కడి ఆసుపత్రిలో నర్సుగా చేస్తున్న పోలండ్ పౌరురాలు వేయకూడదు. 'యూరప్ వాళ్లు తగ్గితే మన వీసాలు పెరుగుతాయి' అని మావాడి లెక్క. అది వాడొక్కడి లెక్కేం కాదు. ప్రీతి పటేల్ లాంటి నాయకులు కర్రీ రెస్టారెంట్ల వాళ్లకి చెప్పింది కూడా దాదాపు ఇదే. 'ప్రజల తీర్పు' అనే మాట వింటే నాకు ముందు ఇది గుర్తొస్తుంది. ప్రజలంటే ఎవరో అంతకుముందే ఒక రూలు తేల్చేసింది. ఆ ప్రజలు ఒకే మాట మీద ఎన్ని వేరువేరు కారణాలతో ముద్ర వేశారో ఎవరికీ తెలీదు.

నమ్మకపోతే తప్పుకోవాలి అనేది సులువైన జవాబు. కామెరాన్ తప్పుకున్నాడు. మన దగ్గర 2014 ఫిబ్రవరిలో విభజన బిల్లు లోక్‌సభ దాటిన మర్నాడు కిరణ్ కుమార్ రెడ్డి తప్పుకున్నారు. రెండూ వేరువేరు కథలే, పోలిక అంతవరకే. తప్పుకున్నవాళ్ల చేతికి మట్టి అంటదు, నిజమే. కానీ పని అక్కడే ఉంటుంది కదా, ఎవరో ఒకరు చెయ్యాలి. కక్షిదారుడి మీద నమ్మకం లేకపోయినా కేసు సరిగ్గా వాదించే లాయరుని మనం తప్పుపట్టం. కాబట్టి మే ఆ పదవి తీసుకోవడంలో నాకు తప్పు కనిపించదు.

నా పేచీ ఆ తర్వాత సంగతితో. 'బ్రెగ్జిట్ అంటే బ్రెగ్జిట్' అన్నారావిడ. మా భాషలో చెప్పాలంటే బేస్ కేస్ లేని రికర్షన్. బాలట్ మీద ఉన్నది ఒకటే ప్రశ్న: ఉండాలా, వెళ్లాలా. వెళ్లి ఎక్కడ నిలబడాలో దాని మీద లేదు. నార్వే యూనియన్‌లో లేదు, సింగిల్ మార్కెట్‌లో ఉంది. అలా వెళ్లినా వెళ్లినట్టే. కానీ 2017 జనవరి 17న లాంకాస్టర్ హౌస్ ఉపన్యాసంలో మే సింగిల్ మార్కెట్‌లో ఉండం, కస్టమ్స్ యూనియన్‌లో పూర్తి సభ్యత్వం కూడా వద్దు అని ప్రకటించారు. ఇది ఆవిడ నిర్ణయం. తప్పో ఒప్పో, ఆవిడది. దాన్ని తన పేరు మీద కాకుండా జనం పేరు మీద చెలామణీ చేశారు. లాయరు పోలిక ఇక్కడ పనికిరాదు. కక్షిదారు ఏం కావాలో సగమే చెప్పి ఊరుకున్నాడు, మిగతా సగం లాయరే రాసుకుని అతని సంతకం చూపిస్తున్నాడు.

ప్రజాప్రతినిధి ఓటర్లకి బాకీ పడేది విధేయత మాత్రమే కాదు, సొంత వివేకం కూడా అని ఎడ్మండ్ బర్క్ 1774లో బ్రిస్టల్ ఓటర్ల మొహం మీదే చెప్పాడు. (1780లో గెలిచే ఆశ లేక అదే బ్రిస్టల్‌లో పోటీ నుంచి తప్పుకున్నాడు, అది వేరే విషయం.) బర్క్‌ని అడ్డం పెట్టుకుని రెఫరెండాన్నే పక్కనపెట్టాలనే వాళ్లతో నేను ఏకీభవించను. మూడుకోట్ల ముప్ఫై లక్షలమందికి పైగా వేసిన ఓటది. నేను అడిగేది చిన్నది: వివేకం వాడినప్పుడు వాడానని ఒప్పుకోవాలి. 48 శాతాన్ని కూర్చోబెట్టి 'వెళ్లడం ఖాయం, ఎంత దూరం వెళ్లాలో మీరూ చెప్పండి' అనుంటే ఏమయ్యేది? సొంత పార్టీవాళ్లే ఆవిడని ఆర్నెల్లలో దించేసి ఉండొచ్చు. ఆ భయం ఉత్తిది కాదు. కానీ ఎలాగూ దించేశారు కదా.

ఎందుకంటే లెక్క కుదరలేదు. కస్టమ్స్ యూనియన్ వద్దు, ఐర్లండ్ దీవి మధ్యలో సరిహద్దు వద్దు, ఉత్తర ఐర్లండ్‌కీ మిగతా బ్రిటన్‌కీ మధ్యా గీత వద్దు. 1998 గుడ్ ఫ్రైడే ఒప్పందం తర్వాత మాయమైన ఆ సరిహద్దుని మళ్లీ లేపడానికి ఎవరికీ ధైర్యం లేదు. మూడు షరతులూ ఒకేసారి నెరవేరవు. ఆవిడ ఒప్పందం 2019 జనవరి 15న 432-202తో ఓడిపోయింది, తర్వాత ఇంకో రెండుసార్లు ఓడింది. మార్చి 27న పార్లమెంటు ఎనిమిది ప్రత్యామ్నాయాల మీద ఓటేస్తే ఒక్కదానికీ మెజారిటీ రాలేదు. అందరూ ఎంపీల్ని చూసి నవ్వారు. నాకైతే ఆ రోజు రెఫరెండం అడగని ప్రశ్నకి మూడేళ్లు ఆలస్యంగా నిజమైన జవాబొచ్చిందనిపించింది.

మరి నమ్మినవాడు వస్తే? బోరిస్ జాన్సన్ వచ్చాడు. 2016లో ఏ పక్షమో ప్రకటించే ముందు 'వెళ్దాం' అని ఒక వ్యాసం, 'ఉందాం' అని ఒక వ్యాసం, రెండూ రాసిపెట్టుకున్న మనిషి. నమ్మకం ఉందా లేదా అనే నా మొదటి ప్రశ్న ఈయన దగ్గర నవ్వులపాలైపోతుంది. మూడు షరతుల్లో ఒకటి చల్లగా వదిలేశాడు. ఏ బ్రిటిష్ ప్రధానీ ఒప్పుకోలేడని మే 2018లో అన్న గీతని ఐరిష్ సముద్రంలో గీసి, 2020 జనవరి 31న దేశాన్ని బయటికి తెచ్చాడు. ఆ గీత మీద అలిగి డీయూపీ 2022 ఫిబ్రవరిలో బయటికొచ్చేస్తే, బెల్‌ఫాస్ట్‌లో ప్రభుత్వం మళ్లీ ఏర్పడటానికి రెండేళ్లు పట్టింది. 2016లో 'వెళ్దాం' అని ప్రచారం చేసిన పార్టీయే అది.